ఎనిమిది ఈకల పొట్లాలు

సిరిసిల్ల,
12 నవంబరు, బుధవారం.

చిరంజీవి ప్రవళికను, నిన్ను కన్న అవ్వ నిండు మనసుతో దీవించి రాస్తున్నది.

ఇక్కడ నేనూ మీ బాపూ క్షేమంగానే ఉన్నాం. అక్కడ నువ్వు వేళకు తింటున్నావని, భోపాల్ చలికి చెవులకు గుడ్డ కట్టుకుంటున్నావని అనుకుంటున్నాను. క్షేమమని రాసింది ఒంటి సంగతి వరకే. మనసు సంగతి కిందికి పోయినకొద్దీ నీకే తెలుస్తుంది. ఒక్కటి మాత్రం ముందే చెప్తున్నాను. నీ పిట్టల పరిశోధన పేపరు ఇరవై రెండో తారీఖున పంపుతామని రాశావు కదా. ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో వేస్తున్నాను, పదిహేడుకల్లా నీ చేతికి అందాలి. గురుకులంలో ఉన్నప్పుడు నా ఉత్తరాలను చివరి నుంచి మొదటికి చదివేదానివి, సెలవులకు తీసుకుపోవడానికి ఎప్పుడు వస్తానన్నానో చూసుకోవడానికి. ఇది అట్లా చదవకు. వరుసగా చదువు, అంతా చదివేదాకా ఆ పేపరు పంపకు.

ఫోను ఉండగా ఉత్తరం ఎందుకని అడుగుతావు. హాస్టల్ పిల్లలకు ఫోను ఇవ్వని రోజుల్లో మొదలైన అలవాటు మనది, దాన్ని ఇద్దరం వదల్లేదు. అయితే ఈసారి అలవాటు కొద్దీ రాయడం లేదు. ఫోనులో అయితే నా మాట సగంలో ఉండగానే "పోనీ తియ్ అవ్వా" అంటావు, నేను కూడా సరేనని పోనిస్తాను. పైగా నీ పరిశోధన చూసే సారుకు చూపించడానికి నీ చేతిలో ఒక కాయితం ఉండాలి. ఎందుకో చెప్తాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. మీ బాపును కరీంనగర్ తీసుకుపోయి చెవుల డాక్టరుకు చూపించాను. ముప్పై ఏండ్లు సాంచాల చప్పుడులో నిలబడ్డ చెవులవి. కరెంటు పోయి మగ్గాలన్నీ ఆగిపోయినా తన తలలో ఒకటి నడుస్తూనే ఉంటుందని చెప్తాడు. కుడి చెవి దాదాపు పోయింది, మిషను పెట్టుకోవాలన్నాడు డాక్టరు. "వెట్టుకుంటె మీ చెల్లె మాటలన్ని వినవడ్తయి సార్, నాకెందుకా పరేషాన్" అని మీ బాపు నన్ను చూపించి ఆ డాక్టరుకే చెప్పి నవ్వించి వచ్చాడు. నాకు పని దొరుకుతున్నదా అని అడిగావు. చీరల ఆర్డరు వచ్చింది. మగ్గాలకు నూలు కండెలు చుట్టే పని చేతినిండా ఉంది, మెడ నొప్పి దాని వెంట ఉంది.

ఇక మూడోది, పేరు. "అవ్వా, కొత్త పిట్టకు నీ పేరు పెడ్తున్నాం, నీకు ఇష్టమేనా" అని రాశావు. ఆ లైను మీ బాపు నాతో ఎన్నిసార్లు చదివించుకున్నాడో లెక్కలేదు. చదివించుకుని ఊరుకున్నాడా, కార్ఖానాలో పక్క సాంచాల వాళ్లందరికీ అరిచి చెప్పాడు. తెల్లారేసరికి మా గల్లీ అంతా తెలిసిపోయింది. చాయ హోటల్ హనుమండ్లు నన్ను ఆపి, "అనసూర్యక్కా, పిట్టవైతివి. ఇగ నీకు చాయ పొయ్యాల్నా, గింజలు సల్లాల్నా?" అన్నాడు. నేను పైకి కసిరాను గానీ లోపల మురిసిపోయాను.

నా పేరు పెట్టి నన్ను పిలిచే మనుషులు ఎంతమంది ఉన్నారు చెప్పు? పుట్టింట్లో పెద్దబిడ్డను, ఇక్కడికి వచ్చినంక సదానందం పెండ్లాన్ని, నువ్వు పుట్టినంక ప్రవళిక అవ్వను. అట్లాంటిది దేశదేశాల పిట్టల పుస్తకాల్లో నా పేరు ఉంటుందంటే, ఇష్టమేనా అని అడగాల్నా? నీ ఉత్తరం వచ్చిన రాత్రి చీకట్లో కండ్లు తెరుచుకుని పడుకున్నాను. నాకు నేనే నా పేరు అనుకుని చూసుకున్నాను. సిగ్గు లేకుండా చెప్తున్నాను బిడ్డా, నా యాభై ఏండ్లలో నాకు అంత ఇష్టమైన సంగతి నీ పుట్టుక తప్ప ఇంకొకటి లేదు. ఆ ఇష్టమే నన్ను చెడగొట్టింది.

నువ్వు నాకు నేర్పిన పాఠం నాకు గుర్తుందో లేదో చూడు. పిడికిట్లో పట్టేంత పిట్ట. మట్టి రంగు ఒళ్లు, గుంపుగా వెదురు పొదల్లో తిరుగుతుంది. మన దగ్గర దానికొక పేరు కూడా లేదు, నీ పుస్తకాల్లో ఫుల్వెట్టా అంటారు. మన అడవుల నుంచి చైనా దాకా ఇట్లాంటి చిన్న పిట్టలు ఎన్ని ఉంటే అన్నింటినీ వెనకటి పెద్దమనుషులు ఒక్క గంపలో వేశారు. చిన్నగా ఉన్నాయి, మట్టి రంగులో ఉన్నాయి, గుంపు కట్టి తిరుగుతాయి, ఇంకేం కావాలి అనుకున్నారు. ఒక్కటే ఇంటిపేరు పెట్టారు. ఎన్నో ఏండ్లకు లోపలి పరీక్షలు చేసి చూస్తే, ఆ గంపలో ఉన్నవి ఒక్క ఇంటివి కానే కావు, నాలుగిండ్లవి. "అవ్వా, రంగు ఒక్కతీరుగ ఉన్నంత మాత్రాన సుట్టాలు గారు. రంగు వేరైతే పరాయోల్లు గారు" అని నువ్వు చెప్తుంటే నేను కండె చుట్టుకుంటూ ఊకొట్టాను. వట్టిగా ఊకొట్టకుండా చెవిన పెట్టుకుని ఉంటే ఇవాళ ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు.

నీ పేపరు సంగతి కూడా నాకు తెలిసినంత రాస్తాను, తప్పుంటే దిద్దుకో. గోదావరికి అవతల, ఆసిఫాబాద్ గుట్టల్లో ఉండేది బూడిద తల పిట్ట. ఇవతల, మహదేవపూర్ అడవిలో ఉండేది గోధుమ తల పిట్ట. నడుమ అంత నది ఉంది కాబట్టి ఇవి ఎన్నడూ కలవలేదు, రెండూ వేరువేరు జాతులు. అవతలిదానికి నా పేరు. నలభై ఎనిమిది పిట్టలను వలలో పట్టి, తలమీది ఈకలు రెండు మూడు తీసుకుని, ఎగరేశారు. ఒక్కో పిట్ట ఈకలు ఒక్కో కాయితం పొట్లంలో. పొట్లం మీద నంబరు, పట్టిన చోటు. రంగు కొలిచే మిషను, ఈక మొదట్లోంచి చేసిన పరీక్ష, రెండూ నది అవతలిది ఒకటి, ఇవతలిది ఒకటి అని గీత గీసినట్టు చెప్పాయి. ఇంత శుభ్రంగా విడిపోయిన లెక్క తన సర్వీసులోనే చూడలేదని మీ సారు మెచ్చుకున్నాడని రాశావు.

అదే ఉత్తరంలో రెండో పేజీలో, అడవిలో మీకు పిట్టలు పట్టి లెక్క రాసే గంగయ్య గురించి ఇట్లా రాశావు. "గంగయ్య కాక రాసిన పుస్తకంలో ఎనిమిది తప్పులు దొరికాయి. అవతల పట్టిన నాలుగు పిట్టలకు గోధుమ తల అని, ఇవతల పట్టిన నాలుగింటికి బూడిద తల అని రాసిండు. పొట్లాల్లో ఈకలు చూస్తే అట్లా లేవు. ఈక అబద్ధమాడదు, మనిషే పొరబడి ఉంటడని సారు అన్నడు. ఆ ఎనిమిది లెక్క నుంచి తీసేసినం. ఈ చలికాలం పనికి కాకను పిలుస్తలేరు. నాకు బాధగానే ఉంది, కానీ ఏం చేయాలె."

అవతలివి నాలుగు, ఇవతలివి నాలుగు. అన్నం తింటూ చదువుతున్నాను. ముద్ద గొంతులో అడ్డం పడింది. మీ బాపు నీళ్ల చెంబు అందించి, సంతోషానికి పొలమారిందనుకున్నాడు.

ప్రవళికా, జూన్ నెల గుర్తు చేసుకో. మృగశిర కార్తె దాటి మూడు రోజులు కూడా కాలేదు. గంగయ్య నిన్ను జీపులో మన ఇంటికి తీసుకొచ్చాడు. పదిహేను రోజుల నుంచి నీకు చలిజ్వరం, క్యాంపులో పడుకుని ఉన్నావు. ఆ పదిహేను రోజులు వలలు కట్టింది, పిట్టలను పట్టింది, రాసింది అంతా ఆయనొక్కడే. వచ్చేటప్పుడు తిర్యాణి దగ్గర వాగు ఒక్కసారిగా పొంగితే నిన్ను వీపున వేసుకుని దాటించాడు. కెమెరా వాగులో పోయింది, ఆ రోజుల ఫొటోలు దానితోపాటే పోయాయి. పొట్లాల పెట్టెలు రెండూ దక్కాయి, కానీ తడిశాయి. నువ్వు కండ్లు తెరవకుండానే, "అవ్వా, పొట్లాలు తడిసినయి. జర ఆరబెట్టు. ఒకదాంట్ల ఒకటి కలవనియ్యకు" అన్నావు.

నువ్వు చెప్పినట్టే చేశాను. కొత్త తెల్లగుడ్డ పరిచాను. ఆసిఫాబాద్ పొట్లాలు ఒక వరుస, మహదేవపూర్ పొట్లాలు ఒక వరుస. ఒక్కో పొట్లం విప్పి, ఈకలను దాని ముందే పరిచి, గాలికి లేవకుండా మొదళ్ల మీద చింతగింజలు పెట్టాను. ఫ్యాను బందుపెట్టి చెమటలు కారుతున్నా కదలకుండా కూర్చున్నాను. అంతవరకు నా వల్ల ఏ తప్పూ లేదు.

ఆరిన ఈకలు ఎత్తబోతుంటే నా కండ్లకు షేడు తేడా కనబడింది. పక్కవాళ్లకు కనబడకపోవచ్చు. నేను ఇరవై ఆరేండ్లుగా నూలు చూస్తున్న మనిషిని. ఒక రంగు లాటులో వేరే లాటు నూలు కోను ఒక్కటి దూరిందంటే చీర నడుమ పట్టె పడుతుంది, చీర మొత్తం వాపసు వస్తుంది. అట్లాంటి కోను కనబడితే మేము ఎవరినీ అడగం, ఎవరికీ చెప్పం. తీసి దాని లాటులో వేస్తాం. అది చేతికి అలవాటైన పని, మాటతో పని లేదు.

ఆసిఫాబాద్ వరుసలో నాలుగు చోట్ల గోధుమ రంగువి ఉన్నాయి. మహదేవపూర్ వరుసలో బూడిద రంగువి ఉన్నాయి, చూస్తే అవి కూడా సరిగ్గా నాలుగే. అక్కడ మూడు, ఇక్కడ ఐదు ఉన్నా ఆగి ఆలోచించేదాన్నేమో. నాలుగుకు నాలుగు సరిపోయేసరికి నాకు ఇంకే అనుమానం లేకపోయింది. జ్వరంలో బిడ్డ ఎక్కడో తారుమారు చేసుకుంది, పెద్దసార్ల ముందు మాట పడుతుంది అనుకున్నాను. అటువి ఇటు, ఇటువి అటు మార్చి, పొట్లాలు మడిచి, పెట్టెల్లో సర్దాను. ఎనిమిది పొట్లాలు. నా చేతులతో, పట్టపగలు, నీ మంచం పక్కనే కూర్చుని మార్చాను. నీ పరువు నిలబెట్టానని కూడా అనుకున్నాను.

నీకు చెప్పలేదెందుకంటే, అది చెప్పాల్సిన సంగతని నాకు తోచలేదు. తప్పు కోను తీసేసిన సంగతి ఎవరైనా ఇంటికి వచ్చి చెప్పుకుంటారా? దసరాకు ముందు ఫోనులో, "అవ్వా, పొట్లాలు ఆరబెట్టినప్పుడు ఏమన్న కలిసినయా?" అని అడిగావు. లేదన్నాను. నా దేవుని ముందు ప్రమాణంగా చెప్తున్నాను, అప్పుడు అది అబద్ధం కాదు. నేను కలపలేదు, వేరు చేశాను అనుకున్నాను. వేరు చేయడమే కలపడమని నాకు తెలియదు.

కానీ నవంబరు ఒకటో తారీఖున నీ ఉత్తరం చదివినప్పుడు తెలిసింది. ఇక్కడి నుంచి రాసేది రాయడానికే నాకు చేయి వస్తలేదు. ఐదో తారీఖున నువ్వు మళ్లీ ఫోను చేశావు. "అవ్వా, సారు ఆఖరుసారి అడగమన్నడు. పొట్లాలు నువ్వేం మార్చలేదు కదా? నువ్వు లేదంటె కాక తప్పే అని ఖాయం చేసుకుంటం" అన్నావు. ఆ మాట స్పష్టంగా వినబడింది. ఫోను పట్టుకుని గోడ వైపు తిరిగాను.

"లేదు బిడ్డా, నేనేం మార్చలే" అన్నాను.

ఆ లేదు తెలిసి చెప్పిన లేదు. నీ పేపరు ఆగుతుందని భయపడి చెప్పానని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. ఐదేండ్ల నీ కష్టం నీళ్లపాలవుతుందని కూడా అనుకున్నాను. అవీ నిజమే. కానీ నాకు ముందు మెదిలింది అవి కావు. పిట్ట పేరు మెదిలింది. హనుమండ్లుకు ఏం ముఖం చూపించాలె అని మెదిలింది. నా పేరు కోసం ఒక మనిషి కన్ను అబద్ధమని ఖాయం చేయించాను. కండెలో తప్పు జరిగితే కార్ఖానా ఆసామి తిట్టేది సాంచా నడిపేవాణ్నే. మీ బాపు నా అసొంటివాళ్ల తప్పులకు ఎన్ని తిట్లు తిన్నాడో నాకు తెలుసు. తెలిసి కూడా అదే పని చేశాను.

ఆ తర్వాత మూడు రోజులు పని నడవలేదు. నూలు తెగితే ముడి వెయ్యడం కూడా చేతకాలేదు. శనివారం మీ బాపుకు చెప్పాను. మొదట ఆయనకు అర్థం కాలేదు, ఎడమ చెవి దగ్గర మళ్లీ చెప్పించుకున్నాడు. తర్వాత గడప దాకా పోయి, వాకిట్లో ఎవరూ లేరని చూసి వచ్చాడు.

"ఎవ్వలకు ఎరుక?" అన్నాడు.

"మనిద్దరికే."

"మరెందుకు కెలుకుతవు? పిట్టలకేమన్న నష్టమా? పొల్ల చదువు ఒడ్డుకు చేరవట్టె. గంగన్నకు ఇంకో పని దొరుకుతది, నేను ఎవలికన్న చెప్త. ఊకో."

"ఆయన మాట అబద్ధమని కాయితం మీద ఎక్కుతది."

"నువ్వు చెప్తె పొల్ల మాట అబద్ధమైతది. సదానందం బిడ్డ దొంగ లెక్క రాసిందంటరు. ఎవల బిడ్డ ముఖ్యం నీకు? రాయకు అనసూర్యా. నా మీద ఒట్టు."

పెండ్లయిన నాటి నుంచి మీ బాపు నాకు ఒట్టు పెట్టడం నేను ఎరుగను. ఆ పూట ఆయన తినలేదు, నేనూ తినలేదు. ఒట్టుకు ఎదురు చెప్పలేదు. సోమవారం పొద్దున్నే చుట్టాలింటికని చెప్పి బస్సెక్కాను. కరీంనగర్, మంచిర్యాల, ఆసిఫాబాద్, అక్కడి నుంచి ఆటోలో. మన సిరిసిల్ల తువ్వాలలు రెండు తీసుకుపోయాను, ఒట్టి చేతులతో పోలేక.

గంగయ్య ఇంట్లో లేడు. పత్తి ఏరడానికి కూలికి పోయాడని ఆయన భార్య చెప్పింది. అడవిలో ఇరవై ఏండ్లు వాచరుగా తిరిగిన మనిషి, పిట్ట కూత విని పేరు చెప్పే మనిషి, ఇప్పుడు వేరేవాళ్ల చేనులో పత్తి ఏరుతున్నాడు. పొద్దు వాలేదాకా అరుగు మీద కూర్చున్నాను. రాగానే నన్ను చూసి, "చెల్లె, బిడ్డకు మంచిగున్నదా?" అన్నాడు. ముందు నిన్నే అడిగాడు.

"గంగన్నా, పొట్లాల ఈకలు మార్చింది నేను. నువ్వు రాసిందే నిజం" అన్నాను. కూర్చోకముందే చెప్పాను, కూర్చుంటే చెప్పలేనని.

ఆయన చేతికి అంటుకున్న పత్తి నూగు దులుపుకున్నాడు.

"నా కన్ను తప్పు గాదని నాకెరికే. ఎట్లయ్యిందో ఎరుక లేకుండె" అన్నాడు.

"కోపం లేదా అన్నా?"

"ఎందుకుండది. నీ మీద ఇప్పుడొచ్చింది. గా బిడ్డ మీద మొదాలనుంచి ఉన్నది. 'కాకా, నువ్వు నిజంగ జూసినవా' అని ఒక్క మాట అడిగితె సాలు గద. వీపు మీద మోసిన బిడ్డ. అడుగలే. రావద్దని ఎవరితోనో చెప్పి పంపింది."

నీకు ఇది రాయవద్దనుకున్నాను. కానీ నా తప్పు ఒక్కటే రాసి నీది దాచిపెడితే మళ్లీ అదే పని చేసినదాన్ని అవుతాను. ఆయనను నువ్వు అడగలేదు బిడ్డా. ఈక అబద్ధమాడదని సారు అంటే తల ఊపావు. ఆ ఈక నీ అవ్వ చేతుల్లోంచి వచ్చింది.

ఆయన ఇంకొక సంగతి చెప్పాడు, శ్రద్ధగా చదువు. ఆ పదిహేను రోజుల్లో ఆయన వలలు కట్టింది గుట్టల్లో కాదు, గోదావరి ఒడ్డున, ముందు అటువైపు, తర్వాత ఇటువైపు. "ఒడ్డు పొంటి రెండు రంగులు గూడ ఉంటయి చెల్లె. గుంపుల కలిసే తిరుగుతయి. ఒక్క వెదురు పొదల గూడు జూసిన. ఒకటి బూడిద తలది, ఒకటి గోధుమ తలది. రెండు గూడ పిల్లలకు పురుగులు తెచ్చి వెడ్తున్నయి. గా సంగతి గూడ రాసిన. జ్వరం తగ్గినంక బిడ్డకు చూపెడ్దమనుకున్న, గంతల్నె వాగొచ్చె" అన్నాడు. పుస్తకం మీ దగ్గరే ఉందట, చివరి నుంచి మూడో పేజీ తీసి చూడమన్నాడు. ఎనిమిది తప్పులు దొరికినంక ఆ పుస్తకం ఎవరూ మళ్లీ తెరిచి ఉండరు.

అవి రెండు జాతులో ఒక్కటో నేను చెప్పగలిగిన దాన్ని కాదు. నది వాటిని వేరు చేయలేదని మాత్రం ఇప్పుడు తెలుసు. మీ సారు మెచ్చిన ఆ శుభ్రమైన లెక్క పిట్టలది కాదు, నాది. ఏ ఈక ఏ పొట్లానిదో తిరిగి చెప్పమంటే కూడా నా వల్ల కాదు. నాకు రంగు గుర్తుంది, నంబర్లు గుర్తులేవు. ఆ ఎనిమిది పిట్టల సంగతి ఇక గంగన్న పుస్తకంలోనే ఉంది, ఇంకెక్కడా లేదు.

తువ్వాలలు ఆయన తీసుకోలేదు. "నా మాట లెక్కలోకి తీసుకొమ్మను, తువ్వాలలు నాకెందుకు" అన్నాడు. క్షమించు అన్నా అని అడిగాను. "గా మాట తర్వాత" అన్నాడు. ఆయన భార్య జొన్నరొట్టె పెట్టింది, తిని వచ్చాను.

నిన్న రాత్రి ఇల్లు చేరి మీ బాపుకు ఎక్కడికి పోయానో చెప్పాను. అప్పటి నుంచి ఆయన నాతో మాట్లాడటం లేదు. పొద్దున్నుంచి ఈ ఉత్తరం రాస్తూ, రాసినంత మేరకు గట్టిగా చదివి వినిపిస్తున్నాను. మంచి చెవి గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు, కానీ లేచి పోవడం లేదు.

ఇక నువ్వు చేయాల్సింది. ఈ ఉత్తరం మీ సారు ముందు పెట్టు. ఆయనకు తెలుగు రాదు కాబట్టి నువ్వే చదివి చెప్పు, ఎక్కడా ఒక్క మాట కూడా మెత్తగా చేసి చెప్పకు. ఐదో తారీఖున నేను తెలిసి అబద్ధమాడానన్న ముక్క అసలే వదిలిపెట్టకు. నీ చదువు ఒక ఏడాది వెనక్కి పోతుందని నాకు తెలుసు. రెండేండ్లు కూడా పోవచ్చు. నిన్ను తిడతారు. నీ బాధ నాకు ఇక్కడ తెలుస్తూనే ఉంటుంది, దానికి నా దగ్గర మందు లేదు. నా పేరు కొట్టెయ్యి. గంగన్న ఎనిమిది పిట్టలను లెక్కలోకి తీసుకో. ఫోను ముందు ఆయనకు చెయ్యి. నాకు చేయాలనిపించిన రోజు చెయ్యి, నేను తొందర పెట్టను.

ఇట్లు
పొట్లాలు విప్పి మార్చిన
నీ అవ్వ,
అనసూర్య.

సాక్షి: సదానందం.
బిడ్డా, మీ అవ్వ రాసింది మొత్తం నిజం. నేను రాయద్దని ఒట్టు వెట్టిన, అది గూడ నిజం. ఆ ఒట్టు తీసేస్తున్న. గంగన్నకు నేను గూడ ఫోను చేస్త, ఆయన ఏమన్నడో నాకు వినవడకుంటె మీ అవ్వ చెప్తది.
— మీ బాపు